సిగ్నల్ లేని కోనలో రెండు యాప్‌లు, ఒక పెళ్లికూతురు

చిత్తూరులో మాది టైలరింగ్ అంగడి. ఇరవై ఏళ్లుగా మిషన్ ముందు కూర్చుని బ్లౌజులు కుట్టే మనిషిని నేను. ఆ మధ్య డాక్టరమ్మ నా రక్తపరీక్ష కాగితం చూసి, "రజియా, మందు నేనిస్తాను. నడక మాత్రం నువ్వే నడవాలి" అంది. మొదట్లో కాలేజీ గ్రౌండులో చుట్లు తిరిగాను. గానుగెద్దులాగా ఒకే చోట తిరగడం పది రోజులకే విసుగొచ్చింది. ఆ మాట నాగవేణి అక్కతో అన్నాను. ఆమెది నగరి. వాళ్లింట్లో పవర్‌లూమ్ మగ్గాలున్నాయి, మా అంగడికి నూలు గుడ్డ అక్కడి నుంచే వస్తుంది. ఆమెకు నాలాగా షుగర్ లేదు గానీ వారానికి ఒక్క పూటైనా మగ్గాల చప్పుడు వినబడని చోట ఉండాలని కోరిక. "గ్రౌండెందుకు మే, ఇన్ని కొండలుండాయి గదా మనకి!" అంది. అలా మొదలయ్యాయి మా ఆదివారం నడకలు.

వడమాలపేట పక్క కొండల్లో తేనెబండ కోన అని ఒక చిన్న జలపాతం ఉంది. చుట్టుపక్కల పల్లెల వాళ్లు తప్ప పెద్దగా ఎవరూ పోరు. దీపావళి దాటాక ఒకసారి మేమిద్దరం పోయాం. చేతిలో ఫోనుంది, ఫోనులో అందరూ వాడే మ్యాపుంది, ఇక భయమేముంది అనుకున్నాం. అరగంట నడిచామో లేదో సిగ్నల్ పోయింది. తెరమీద మ్యాపు మాయమై బూడిదరంగు కాగితం మిగిలింది, దాని నడుమ నీలం చుక్క ఒకటి. ఎదురుగా చూస్తే మేకలు నడిచి చేసిన దారులు అయిదారు, అన్నీ ఒకేలా ఉన్నాయి. దూరంగా నీళ్లు పడే చప్పుడు వినిపిస్తూనే ఉంది, నీళ్లు మాత్రం కంటికి ఆనలేదు. వెనక్కి తిరిగాం. వడమాలపేటలో ఎవరి బస్సు వాళ్లం ఎక్కేటప్పుడు అక్క, "మళ్లా పోవాల్సిందే మే. ఈసారి తెలుసుకొని పోదాం" అంది.

ఆ తెలుసుకోవడానికి నాకు నెలన్నర పట్టింది. మీలో ఎవరైనా ఇలాంటి నడకకు సిద్ధమవుతుంటే ఈ భాగం మీకు పనికొస్తుంది. ముందుగా నాకు అర్థమైంది ఇది. నెట్ లేకపోయినా, సిమ్మే లేకపోయినా, ఫోను తానెక్కడుందో ఉపగ్రహాల ద్వారా తెలుసుకోగలదు. దానికి కరువయ్యేది కింద పరిచే మ్యాపు ఒక్కటే. ఆ మ్యాపును ఇంట్లోనే ఫోనులోకి దించుకుంటే అడవిలో నెట్ అవసరం లేదు. నా ఫోను పాతది, చవకది. కాబట్టి యాప్ చిన్నదిగా ఉండాలి, కొండ ఎక్కడ నిటారుగా ఉందో ఎక్కడ వాలుగా ఉందో చూపించాలి, ముఖ్యంగా నేను నడిచిన దారిని ఒక గీతగా గుర్తుపెట్టుకోవాలి, తిరిగొచ్చేటప్పుడు ఆ గీత పట్టుకుని రావడానికి. మొదట దించుకున్న యాప్ ఊరికే వస్తుందని చెప్పి, మ్యాపు దాచుకునే దగ్గరికొచ్చేసరికి డబ్బు కట్టమంది. అదీ నెలనెలా. తీసేశాను. రెండోది కూడా డబ్బుదే గానీ ఏడాదికి ఒక్కసారి కడితే చాలు, మా అంగట్లో ఒక లైనింగ్ బ్లౌజు కుట్టుకూలి అంత. అందులో ఎత్తుపల్లాల గీతలు ఎంతో స్పష్టంగా ఉన్నాయి. గీతలు ఎడంగా ఉంటే నడవగలిగే వాలు, దగ్గర దగ్గరగా ఉంటే నిట్రం. కుచ్చులు పట్టే దాన్ని గదా, ఆ లెక్క నాకు వెంటనే పట్టుబడింది. దానికే కట్టేశాను.

నాగవేణి అక్క కట్టలేదు. ఊరూరా జనం తమకు తెలిసిన దారులను స్వచ్ఛందంగా గీసి పెట్టిన మ్యాపు ఒకటుంది, దాని మీద నడిచే యాప్ ఊరికే దొరుకుతుంది. ఆమె దాన్ని పట్టుకుంది. "ఊరికే వచ్చేదానికి దుడ్లు ఎవురన్నా ఇస్తారా? కొండ అదే, దారి అదే" అని నన్ను ఎగతాళి చేసింది. "నీదాంట్లో ఎత్తుపల్లాలు తెలీవక్కా" అన్నాను. "ఎక్కేటప్పుడు నా మోకాళ్లే చెప్తాయి లే" అంది.

పలమనేరులో ఉండే మా ఆపాను, అంటే మా సొంతక్కను, చూడడానికి పోయిన రోజు నా యాప్‌ను పరీక్షించాను. ఆడవాళ్లకు ఇప్పుడు ఈ బస్సుల్లో టికెట్టు లేదు గదా, ఆధార్ కార్డు చూపించి కిటికీ పక్కన కూర్చుని ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టాను. మొగిలి ఘాట్ ఎక్కుతుంటే ప్రతి మలుపు దగ్గరా చుక్క కూడా మలుపు తిరుగుతోంది. సంతోషం పట్టలేక పైకే నవ్వాను. కండక్టరు వంగి చూసి, "ఏమ్మా, నా బస్సు దారి తప్పతాదని సూస్తా ఉండావా?" అన్నాడు. "మీ బస్సు కాదన్నా, నా ఫోను తప్పతాదేమో అని" అన్నాను. ఆయన డ్రైవరు దగ్గరికి పోయి ఏదో చెప్పాడు. డ్రైవరు అద్దంలో నన్ను చూసి తల ఊపాడు. పలమనేరులో దిగేసరికి వెనక సీట్ల వాళ్లు ఇద్దరు ఆ యాప్ పేరడిగి రాసుకున్నారు.

మాఘమాసంలో ఒక ఆదివారం ముహూర్తం పెట్టుకున్నాం. చిత్తూరులో తెల్లవారుజామున తిరుపతి బస్సెక్కి, అక్కడ పుత్తూరు బస్సు పట్టుకుని, ఎనిమిదిలోపు వడమాలపేటలో దిగాను. అక్క పుత్తూరు మీదుగా అప్పటికే వచ్చి, రోడ్డు పక్క హోటల్లో ఇడ్లీ తింటూ కనిపించింది. మధ్యాహ్నానికి చిత్రాన్నం, నంజుకోవడానికి ఊరుబిండి పచ్చడి ఆమే తెచ్చింది, కాబట్టి మాకు అక్కడ ఖర్చు టిఫిన్‌దే. కొండ కింది పల్లెకు బస్సు లేదు. మునిరత్నం అనే ఆటో అన్న పోనూ రానూ, మధ్యలో కాచుకుని ఉండడానికీ కలిపి ఆరొందలకు ఒప్పుకున్నాడు. దారి పొడుగునా అతనికి ఒకటే అనుమానం. "మగోళ్లు ఎవురూ రాలేదా మా మీతో?" అన్నాడు. అక్క ఫోను ఎత్తి చూపించి, "ఇదుండాది లే" అంది. "అది దారి చెప్తాది మా, పాము వస్తే కొడతాదా?" అన్నాడు. "పాముకి దావ ఇస్తే పామే పోతాది" అంది అక్క. పల్లె చివర అటవీ శాఖ వాచర్ ఉన్నాడు. ఎక్కడికి పోతున్నామో అడిగి, ప్లాస్టిక్ ఏదీ పైన వదలొద్దనీ, నాలుగుకల్లా కిందికి రావాలనీ చెప్పి పంపాడు.

ఇద్దరం ఫోన్లలో గీత మొదలుపెట్టి నడిచాం. ముందు తుమ్మచెట్లు, కలేపండ్ల పొదలు. ఆ తర్వాత రాళ్ల వంక ఒకటి, దాని మీదుగా దాటాలి. వంక దాటి కాస్త ఎక్కితే పెద్ద బండ వస్తుంది, నాలుగు కల్యాణ మంటపాలు పట్టేటంత వెడల్పు. పోయినసారి మేము ఓడిపోయింది ఆ బండ మీదే. బండ మీద కాలిగుర్తులు పడవు గదా, ఎటు చూసినా దారి లాగే ఉంటుంది. ఈసారి చుక్కను చూసుకుంటూ బండ అంచు వెంబడి ఎడమకు చుట్టు తిరిగి నడిచాం. కుడివైపు ఒక లోతైన చీలిక ఉంది, దాన్ని తప్పించడానికే ఆ చుట్టు. చీలిక అవతల కొండలు పొరలు పొరలుగా, పొగమంచులో ఎంత అందంగా ఉన్నాయో! నేను ఆగి ఆగి ఫోటోలు తీశాను, వీడియో తీశాను, అక్కను అటు నిలబెట్టి ఇటు నిలబెట్టి మళ్లీ తీశాను. అక్క ఫోనులో కెమెరా పగిలిపోయి ఏడాదైంది, అందుకని ఆమె ఊరికే నవ్వుతూ నిలబడింది.

బండ దాటాక అడవి చిక్కబడింది, గాలి చల్లబడింది. పదకొండు దాటుతుండగా చెట్ల సందుల్లోంచి తెల్లగా మెరుపు. కోన! ఈసారి వానలు ఆలస్యంగా కురిశాయి కాబట్టి మాఘంలోనూ నీళ్లు బాగానే పడుతున్నాయి. బండ పైనుంచి రెండు పాయలుగా జారి, కింద గుండంలో కలుస్తున్నాయి. నాగవేణి అక్క బూట్లు విడిచి, చీర కుచ్చిళ్లు దోపుకుని, నేరుగా పోయి పాయ కింద నిలబడింది. నీళ్లు తల మీద పడుతుంటే కళ్లు మూసుకుని ఏదో అరుస్తోంది. దగ్గరికి పోతే వినిపించింది. "మగ్గాల కన్నా ఎక్కువ సప్పుడు మే ఇది! అయినా ఎంత బాగుండాదో!" నేనూ తడిశాను. తర్వాత ఎండలో కూర్చుని చిత్రాన్నం తిన్నాం. ఊరుబిండి వేలితో నాకుతూ ఎంతసేపు కూర్చున్నామో తెలియదు. నెలన్నర పాటు ఒక్కో యాప్ దించుతూ, తీసేస్తూ గడిపిన సాయంత్రాల శ్రమంతా ఆ కాసేపట్లో తీరిపోయింది.

తిరుగు దారిలో, ఇంకా అడవిలోనే ఉండగా, కింద వాగులోంచి ఒక గొంతు వినిపించింది. "ఎవురన్నా ఉండారా? అన్నా! అక్కా!" ఇద్దరం ఆగిపోయాం. అక్క చేతులు నోటికి అడ్డం పెట్టి, "ఉండాం! యాడుండారు మీరు?" అని కేక పెట్టింది. బదులుగా ఒకేసారి ముగ్గురి గొంతులు. కొమ్మలు పట్టుకుని కాస్త దిగి చూస్తే, వాగు మధ్య రాయి మీద ఒక పెళ్లికూతురు కూర్చుని ఉంది. వంగపండు రంగు పొడుగాటి గౌను, వెనకాల రెండు మూరలు నేల మీద జీరాడే తోక, తల్లో పూలకిరీటం. పక్కన కోటు విప్పి భుజం మీద వేసుకున్న కుర్రవాడు, కొంచెం అవతల రెండు కెమెరా సంచులతో ఇంకొకతను.

మమ్మల్ని చూడగానే ఆ అమ్మాయి ఏడ్చేసింది. పేరు చందన. అబ్బాయి హేమంత్. ఆ సాయంత్రమే పుత్తూరులో వాళ్ల రిసెప్షన్, మర్నాడు తెల్లవారుజామున పెళ్లి. పెళ్లి ఫోటోల కోసం కోనకు రావాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నారు, ఏదో ఒకటి అడ్డం పడుతూ వచ్చింది. ఇక ఇదే ఆఖరి అవకాశమని పొద్దున బయలుదేరారు. ఫోటోగ్రాఫర్ ప్రభు ఫోనులో నెట్ మ్యాపు పెట్టుకుని ముందు నడిచాడట. బండ మీదికి రాగానే సిగ్నల్ పోయింది. మేకల దారి ఒకటి పట్టుకుని దిగి, ఈ వాగులో రెండు గంటలుగా పైకీ కిందికీ తిరుగుతున్నారు.

"ఇంట్లో తెలుసునా?" అని అడిగాను.

హేమంత్ తల వంచుకున్నాడు. చందన కళ్లు తుడుచుకుంటూ, "తిరుపతిలో బ్యూటీ పార్లర్‌కి పోతా ఉండానని చెప్పినానక్కా. నలుగు పెట్టినాక గడప దాటకూడదని మా అవ్వ ఒకటే మాట, పార్లర్‌కే కష్టం మీద ఒప్పుకునింది. ఇట్లా కొండకొచ్చినామని తెలిస్తే…" అంది.

"మా మామకి తెలిస్తే రేపు తాళి కట్టనిస్తాడో లేదో కూడా తెల్దక్కా" అన్నాడు హేమంత్. నవ్వబోయి నవ్వలేకపోయాడు. టైము రెండయింది. ఆరింటికి వాళ్లు ముస్తాబై వేదిక మీద ఉండాలి.

ముందు ఆ గౌను సంగతి చూడాలి. దాంతో ఆమె పది అడుగులు కూడా నడవలేదు. కత్తిరిద్దామంటే అద్దెకు తెచ్చిందట. సూది, దారం లేకుండా నేను ఇల్లు కదలను. రాయి మీద ఆమెను నిలబెట్టి, తోకను లోపలికి మడిచి, మోకాలి కిందిదాకా ఎత్తి, చుట్టూ కచ్చాకుట్టు వేశాను. అది ఒక దారం లాగితే ఊడి వచ్చే కుట్టు, గుడ్డకు ఏమీ కాదు. ఎత్తు మడమల చెప్పులు తీయించి, అక్క తన సంచిలోని రబ్బరు చెప్పులిచ్చింది. "మీరు టైలరా అక్కా?" అంది చందన ఆశ్చర్యంగా. "ఈ పొద్దుటికి నీ టైలర్ని నేనే" అన్నాను. అప్పుడు మొదటిసారి నవ్వింది.

పైకి, మా దారిలోకి వచ్చాక ప్రభు నాగవేణి అక్క ఫోను చూసి గట్టిగా అన్నాడు, "ఇదిగో, ఇట్లా దిగితే నేరుగా రోడ్డుండాది! అర్ధగంటలో పడతాం!" నిజమే, అక్క మ్యాపులో చుక్కల దారి ఒకటి కొండ మీదుగా సూటిగా కిందికి పోతోంది. హేమంత్ అప్పటికే అటు రెండడుగులు వేశాడు. నేను నా యాప్‌లో అదే చోటు పెద్దది చేసి చూశాను. ఎత్తుపల్లాల గీతలు ఒకదాని మీదొకటి అతుక్కుపోయి ఉన్నాయి. అక్కడుండేది వాలు కాదు, గోడ. ఎవరో ఎండాకాలంలో తాడు కట్టుకుని దిగి ఆ గీత గీశారేమో.

"అటు వద్దు" అన్నాను. "మేము పొద్దున వచ్చిన దారినే పోదాం. కాస్త దూరమైనా నడిచి చూసిన దారి."

"అక్కా, టైము లేదు" అన్నాడు హేమంత్. గొంతులో విసుగు, భయం రెండూ ఉన్నాయి. అతని తప్పు లేదు. తొందరలో ఉన్న మనుషులను దూరపు దారి పట్టించడం అంత తేలిక కాదు. ఆలస్యమైతే ఆ నింద నాదే. కానీ ఆ గీతలు చూశాక వాళ్లను అటు పంపడం నా చేత కాదు. చందన ఒకసారి నన్ను, ఒకసారి అతన్ని చూసి, "అక్క చెప్పినట్టే పోదాం. కాలు విరిగితే రిసెప్షన్ యాడిది?" అని నా వెనక వచ్చి నిలబడింది. ఇక అందరూ కదిలారు.

బండ దాకా బాగానే వచ్చాం. నేను ముందు, నా గీత పట్టుకుని. బండ ఎక్కాక గీత చూస్తే, పొద్దున మేము చుట్టు తిరిగిన చోట చుట్టు లేదు. ఒక కొస నుంచి ఇంకో కొసకు స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. దాని ప్రకారం నడుస్తూ పోతే నా కాళ్ల ముందు బండ ఆగిపోయింది. చీలిక. కింద చెట్ల కొసలు కనిపిస్తున్నాయి. వెనక్కి గెంతి నిలబడ్డాను. దబాయించి నలుగురిని నడిపించుకొచ్చింది నేను, గీత ఏమో గాలిలోకి పోతోంది!

తర్వాత తెలిసిన సంగతి ఇప్పుడే చెప్పేస్తాను. పొద్దున నేను కెమెరా తెరిచిన ప్రతిసారీ, ఛార్జింగు ఆదా చేద్దామని నా ఫోను వెనకాల నడుస్తున్న యాప్‌ను నిద్రపుచ్చింది. అది మళ్లీ మేలుకున్నాక, నిద్రపోయిన చోటుకూ లేచిన చోటుకూ మధ్య సూటిగా గీత గీసేసింది. యాప్ తప్పు కాదు, ఫోనులో ఒక సెట్టింగు మార్చని తప్పు నాది. అప్పుడు మాత్రం నాకదేమీ తెలియదు. "అక్కా, నా గీత తెగిపోయింది" అన్నాను మెల్లగా.

నాగవేణి అక్క తన ఫోను తీసి కళ్లద్దాలు సర్దుకుంది. ఆమె పొద్దున ఒక్క ఫోటో తీయలేదు. కెమెరాయే లేదు గదా! ఆమె గీత బండ అంచు వెంబడి, మేమెక్కడ ఆగామో అక్కడ చిన్న ముడులతో సహా, ఎక్కడా తెగకుండా చుట్టు తిరిగి ఉంది. దాన్ని చూసింది, నన్ను చూసింది. ఏమైనా అంటుందేమో అని నేను సిద్ధంగా ఉన్నాను. "నువ్వు గోడ సూపించి ఆపకపోతే ఈ పాటికి అందరం యాడుండేవాళ్లమో! రా మే. ఇది నేను సూస్తా, నువ్వు ఆ పిల్ల చెయ్యి పట్టుకో" అంది. అంతే. ఆమె ముందు నడిచింది. గీతకు రెండడుగులు అటైనా ఇటైనా "కుడికి… ఇంకొంచెం… ఆ, ఇప్పుడు నేరుగా" అని చెబుతూ అందరినీ బండ దాటించింది. వంక రాళ్లు కనిపించగానే హేమంత్ ఆ రాళ్ల మీదే కూలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "నాకు కాదు, ఫోనుకి పెట్టు" అంది అక్క. అతను నిజంగానే ఫోనుకు పెట్టాడు. ప్రభు ఆ ఫోటో తీశాడు. వాళ్ల పెళ్లి ఆల్బంలో అన్నిటి కన్నా మంచి ఫోటో అదేనని తర్వాత విన్నాను.

నాలుగుకు ఇంకా కాస్త టైముండగానే పల్లెలో పడ్డాం. మునిరత్నం మమ్మల్ని చూసి లెక్క పెట్టుకున్నాడు. "ఇద్దురు పోయినారు, అయిదుగురు వచ్చినారు! పైన ఏమన్నా పెండ్లి జరిగిందా మా?" అన్నాడు. వాచర్‌కు జరిగినదంతా చెప్పాం. అతను ప్రభు వైపు చూసి, ఇంకోసారి తెలిసినవాళ్లు లేకుండా పైకి పోవద్దని గట్టిగా చెప్పాడు. నేను దారం కొస పట్టి లాగి గౌను కుట్లు విప్పాను. తోక జారి మళ్లీ నేల మీద పడింది, ఒక్క చిరుగు లేదు. పొద్దున తాము వచ్చిన కారు ఎక్కబోతూ చందన నా చేయి వదల్లేదు. "సాయంత్రం రావాల్సిందే. రాకుంటే నేను పీటల మీద కూర్చోను" అంది.

ఈ బట్టలతో ఎలా పోతాం? కానీ పుత్తూరు మీదుగానే అక్క ఇంటికి పోవాలి, నేనూ ఆ రాత్రికి నగరిలో ఉండిపోదామనుకున్నాను. అక్కకు తెలిసినవాళ్లింట్లో ముఖం కడుక్కుని, ఆమె తన సంచిలోని పొడిచీరలో, నేను తడి ఆరిన నా చుడీదార్‌లో, కాళ్లకు మట్టి బూట్లతో మంటపంలోకి పోయాం. వేదిక మీద చందన పట్టుచీరలో మెరిసిపోతోంది. మధ్యాహ్నం రాయి మీద ఏడ్చింది ఈ పిల్లేనా అనిపించింది. మమ్మల్ని చూడగానే చెయ్యి ఊపింది. పక్కనే ఉన్న వాళ్ల అవ్వ కళ్లు చికిలించి, "ఎవురే వీళ్లు?" అని అడిగింది.

చందన క్షణం తడబడి, "బ్యూటీ పార్లర్ అక్కలు అవ్వా" అంది.

అవ్వ మా బూట్లు చూసింది, ఎండకు కమిలిన ముఖాలు చూసింది, అక్క జుట్టులో ఇరుక్కున్న ఆకును చూసింది. తర్వాత మనవరాలి ముఖం వైపు తిరిగి, ఆ కళ, ఆ నవ్వు చూసి, "వాళ్ల మొకాలు ఎట్లుంటే ఏమి, పనితనం ఉండాది. బాగా చేసినారమ్మా!" అని మా ఇద్దరి చేతుల్లో తాంబూలం పెట్టింది. హేమంత్ రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగాడు. అయితే కథ అక్కడితో ఆగలేదు. మేము భోజనానికి కూర్చోగానే పెళ్లికూతురి పిన్నమ్మలు ఇద్దరు పక్కన చేరి, పార్లర్ తిరుపతిలో ఎక్కడ, ఫేషియల్‌కు ఎంత అని అడగడం మొదలుపెట్టారు. నేను పాయసం పొలమారి దగ్గాను. నాగవేణి అక్క మాత్రం తొణకలేదు. "ఊరు బయట ఉండాదమ్మా, కొంచెం ఎక్కాల. నీళ్లు మాత్రం శానా మంచివి" అంది.

ఈ ప్రయాణం గురించి చెప్పినప్పుడల్లా మిత్రులు అడిగేది ఒకటే, ఇంతకీ ఏ యాప్ మంచిది అని. నిజం చెప్పాలంటే ఎక్కువ డబ్బుదే మంచిదని చెప్పలేను, ఊరికే వచ్చేదే చాలనీ చెప్పలేను. నా యాప్ మమ్మల్ని పోకూడని దారి నుంచి ఆపింది, అక్క యాప్ పోవలసిన దారి చూపింది. రెండూ కలిపినా మాకైన ఖర్చు ఒక బ్లౌజు కుట్టుకూలే. కానీ నాకు మిగిలిన సంతోషం వేరే ఉంది. ఇంటికీ అంగడికీ మధ్య తప్ప ఏ దారీ తెలియని ఆడవాళ్లం మేమిద్దరం. అడవిలో దారి తప్పిన ముగ్గురిని నడిపించి కిందికి తెచ్చాం. అందులో నేను ఒకచోట తప్పాను, తప్పినప్పుడు పక్కన ఇంకొకరున్నారు. ఒంటరిగా ఎంత మంచి యాప్‌తో పోయినా ఆ ధైర్యం వచ్చేది కాదు. ఇప్పుడు మా ఆదివారం నడకలకు నగరి, పుత్తూరుల నుంచి ఇంకో నలుగురు ఆడవాళ్లు వస్తున్నారు. వాళ్లలో చందన ఒకతె.

పోబోయేవాళ్లకు ఒక్క మాట. మీరు ఏ యాప్ ఎంచుకున్నా, ఫోను సెట్టింగుల్లో బ్యాటరీ ఆదా చేసే చోట ఆ యాప్ పేరు వెతికి, దానికి మాత్రం ఆంక్షలు తీసేయండి. తర్వాత తెర ఆర్పి ఫోను జేబులో పెట్టుకుని, మధ్యలో నాలుగు ఫోటోలు తీస్తూ మీ వీధి చుట్టూ ఒక్కసారి నడిచి రండి. ఇంటికొచ్చాక గీత చూడండి. అది ఎవరి ఇంటి గోడలోంచో సూటిగా దూసుకుపోయి ఉంటే, కొండకు ఇంకా పోవద్దు.